మూరెడు ఎడమకు

ఎన్నికలు వస్తే మా ఇంట్లో మొదట ప్రయాణం కట్టేది తుపాకీ. కోడ్ అమల్లోకి రాగానే లైసెన్సు ఉన్న ప్రతి తుపాకీనీ స్టేషన్లో అప్పగించాలి, ఓట్లు లెక్కపెట్టాక తెచ్చుకోవాలి. ఆ ఏడాది కూడా దాని సంచి నేనే సర్దాను. గొట్టం తుడిచే చువ్వ, చిన్న నూనె సీసా, చుట్టడానికి నా పాత చీరలో సగం. మిగతా సగం దండెం మీదే ఉంచాను.

అది నా అలవాటు. గడప దాటి పోయే ఏ సంచిలోనైనా జతలో ఒకటే పెడతాను, రెండోది నా దగ్గర ఉంచుకుంటాను. మా నాన్న రైలు పట్టాల పనికి పోయిన రోజున సంచిలో అన్నీ నిండుగా పెట్టాం. మా చెల్లెలు ఆస్పత్రికి పోయిన రోజునా అంతే. ఇంట్లో ఏదీ మిగల్చలేదు. దేనికోసమూ వాళ్లు తిరిగి రావలసిన పని లేకపోయింది.

సంచి ముడి వేస్తుంటే మా ఆయన మాలకొండయ్య నవ్వాడు.

"తుపాక్కి కూడా దిగులు పడతావేందే రవణా. స్టేషన్లో పాలియ్యరని ఏడవడానికి అదేమన్నా చంటిబిడ్డా?"

మా ఊరు కొండ కింద ఉంటుంది. ఊరు దాటితే చేలు, చేలు దాటితే అడవి. మాకు మూడెకరాల వేరుశనగ. కాయ పడే వేళకు అడవిపందులు దిగుతాయి, ఒక్క పూటలో చేనంతా దున్నిపెట్టి పోతాయి. అందుకని మా మామగారి కాలం నుంచి పంటరక్షణ లైసెన్సు, దాంతోపాటు ఒక రైఫిలు ఉన్నాయి. నలభై ఏళ్లలో మాలకొండయ్య ఒక పందికి రెండో తూటా వాడింది లేదు. ఆయనకు చదువు సంతకం వరకే. నేను కూడా బడికి పోలేదు గాని, ఉప్పు పప్పు పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదివి చదివి నేర్చుకున్నాను. మా ఇంట్లో గురి ఆయనది, చదువు నాది.

జూన్‌లో తుపాకీ తిరిగొచ్చింది. చీర ముక్కతో సహా వచ్చింది కాబట్టి నా మనసు కుదుటపడింది. అయితే దానికి ఒక బిళ్ళ కూడా వచ్చింది. స్టేషన్లో అరవై ఒక్క తుపాకులు పోగయ్యాయట, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయట, కలిసిపోకుండా ప్రతిదానికీ ఒక అల్యూమినియం బిళ్ళ వేశారట. మాది నలభై మూడు. ఊరికే వేలాడగట్టకుండా, ఊడిపోతుందేమోనని, గొట్టానికీ చెక్కకూ మధ్యనున్న సందులో దూర్చి, తీగతో బిగించి, సీసం ముద్ర వేశారు. వచ్చే ఎన్నికలకు మళ్లీ తేవాలి కదా, అందాకా తీయవద్దన్నారు. తీస్తే ప్రభుత్వ ముద్ర చెరిపిన నేరం అవుతుందని కాగితం ఇచ్చారు. ఆ కాగితం నేనే చదివి వినిపించాను. తీయలేదు.

ఆగస్టులో పందులు దిగాయి. తెల్లవారుజామున మాలకొండయ్య మంచె మీద నుంచి కాల్చాడు. తగల్లేదు. రెండు రోజుల తరువాత మళ్లీ కాల్చాడు. మళ్లీ తగల్లేదు. ఇంటికొచ్చి తుపాకీని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. చువ్వకు గుడ్డ చుట్టి గొట్టం తోమాడు, మకిలి లేదు. మరలు తిప్పి చూశాడు, బిగువుగానే ఉన్నాయి. గొట్టం కొసనున్న చూపుమొన కదిలిందేమోనని గోటితో తట్టాడు, కదల్లేదు. తూటాలు చెమ్మగిల్లాయేమోనని ఎండలో పెడదామన్నాడు గాని, అవి ఎండలో పెట్టేవి కావని తనకే గుర్తొచ్చి ఊరుకున్నాడు. చివరికి మిగిలింది ఆయన కన్ను.

నేను సూది, దారం తెచ్చి చేతిలో పెట్టాను. ఒక్క మాటుకే ఎక్కించాడు. చెంబు నిండా అంచుదాకా నీళ్లు పోసి బోరింగు దగ్గర్నుంచి తెమ్మన్నాను. చుక్క ఒలకకుండా తెచ్చాడు. అప్పుడు ఇంకో ముద్ద సంగటి పెట్టించుకు తిన్నాడు.

తుపాకీని ఉత్తినే కాల్చి చూడొచ్చు కదా అని మీరంటారు. వీల్లేదు. మాకిచ్చే ప్రతి తూటాకూ ఒక పందిని చూపించాలి, లేదా ఆ పంది ఎందుకు తప్పించుకుపోయిందో రాసివ్వాలి. అప్పటికే రెండు పందుల తరఫున నేను రెండు సంజాయిషీలు రాశాను.

మూడోసారి మాలకొండయ్య పందిని కాదు, మట్టిని చూశాడు. తూటా పడ్డచోట దుమ్ము లేస్తుంది కదా, అది మూరెడు ఎడమకు లేచింది. ముందు రెండుసార్లూ అంతే. నాలుగోసారి పందికి మూరెడు కుడిగా ఉన్న తంగేడు మొక్క మీద గురిపెట్టి కాల్చాడు. పంది పడిపోయింది.

ఇక్కడితో కథ అయిపోవాలి. అక్కడే మొదలైంది.

పడిన పందిని అటవీశాఖ రేంజర్ చూడాలి, పంచనామా రాయాలి, గుంట తీసి కిరసనాయిలు పోసి పూడ్చాలి. రేంజర్ పానకాలరావుగారు జీపులో వచ్చారు. మంచి మనిషి. నన్ను అమ్మా అనే పిలుస్తారు. కాకపోతే ఆయన మాట్లాడుతుంటే ఎదురుగా ఎవరో రాసుకుంటున్నట్టు మాట్లాడతారు. ఆయన దగ్గర పద్నాలుగు గళ్ల ఫారం ఒకటుంది. ఎనిమిది గళ్లు సాఫీగా నిండాయి. తొమ్మిదో గడి, గురి ఎక్కడ పెట్టారు అని. మాలకొండయ్యకు అబద్ధం చెప్పడం రాదు. పందికి మూరెడు కుడి పక్కన, తంగేడు మొక్క మీద, అన్నాడు.

రేంజర్‌గారి కలం ఆగింది.

"అంటే సదరు పంది మీద మీరు గురి పెట్టియుండలేదు."

"పంది మీద పెడితే తగలటం లేదు సార్."

"మీకు అనుమతి ఉన్నది పందికి. మొక్కకు లేదు. అనుమతి ఉన్న పందిని వదిలి అనుమతి లేని మొక్క మీద గురి పెట్టారు. మొక్క క్షేమంగా ఉన్నది, పంది మరణించినది. శాఖాపరంగా ఇది ఉద్దేశరహిత మరణం."

"అది చచ్చిందా లేదా సార్?"

"చావడం వేరు, నియమబద్ధంగా చావడం వేరు."

తుపాకీ గురి నిర్ధారణ అయ్యేదాకా దాన్ని వాడకూడదని, పరీక్ష కోరుతూ ఏడు రోజుల్లో అర్జీ పెట్టుకోవాలని రాసిచ్చి, పందిని పూడ్పించి వెళ్లిపోయారు. పూడ్చిన చోట ఒక రాయి పెట్టించి, దాని మీద 'విచారణలో ఉన్నది' అని సున్నంతో రాయించారు.

అర్జీ నేనే రాశాను. మూడు కాగితాలు చించాక నాలుగోది నచ్చింది. "మా తుపాకీ చూసిన చోట కాల్చడం లేదు. మధ్యలో పెట్టిన బిళ్ళ మీద నాకు అనుమానంగా ఉంది. దయచేసి మా ఆయనను, తుపాకీని పరీక్షించి న్యాయం చేయగలరు." మా ఆయనను అనే మాట అక్కర్లేదు. అయినా రాశాను. ఊళ్లో ఒకరిద్దరు ఆయన కన్ను పోయిందని నవ్వుతున్నారు, కన్ను బాగుందని ప్రభుత్వం చేతనే రాయించి వాళ్లకు చూపిద్దామని నా ఆశ.

పరీక్షకు అట్టపందిని చేయించారు. నల్లరంగు, తెల్ల కోరలు, బతికిన పంది కంటే అందంగా ఉంది. అయితే మా లైసెన్సు మీద పంట పాడుచేసే జంతువును తప్ప మరి దేన్నీ కాల్చకూడదు. అందుకని అట్టపందిని పంట పాడుచేసే జంతువుగా ప్రకటిస్తూ ఉత్తర్వు తెచ్చారు. ఉత్తర్వు వచ్చాక ఇంకో చిక్కు. పంట పాడుచేసినట్టు రుజువు ఉంటే తప్ప కాల్చడానికి లేదు. దాంతో అట్టపందిని మా చేలో నిలబెట్టారు. దాని కాళ్ల కింద పది మొక్కలు నలిగాయి. వ్యవసాయ శాఖాయన వచ్చి ఆ పది మొక్కల నష్టానికి ధ్రువపత్రం ఇచ్చాడు. పక్కనే అసలు పందులు దున్నిపోయిన పావెకరాన్ని చూపించాను. ఆ పందులు కాగితం మీద లేవు కాబట్టి వాటి నష్టం తన పరిధిలోకి రాదన్నాడు.

కాల్చే రోజున పొరుగూరి నుంచి కాలేషాను పిలిపించారు. కాలేషా సాయుధ పోలీసుల్లో ముప్పై ఏళ్లు తుపాకులు బాగుచేసి దిగిపోయినవాడు. మాలకొండయ్య బస్తా మీద తుపాకీ ఆనించి, అట్టపంది గుండె మీద గురిపెట్టి ఐదు తూటాలు కాల్చాడు. ఐదూ పంది పక్కన నిలబెట్టిన తెల్ల అట్టకు తగిలాయి. సరిగ్గా మూరెడు ఎడమకు, ఐదూ ఒక పిడికిలి చోటులో.

కాలేషా ఆ పిడికిలి చోటు మీద తన పిడికిలి పెట్టి చూసి, మాలకొండయ్య వంక తిరిగి నమస్కారం చేశాడు. తరువాత ఒక పలచటి కాగితం తీసి గొట్టానికీ చెక్కకూ మధ్య తోశాడు. బిళ్ళ దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

"తూటా పోయేటప్పుడు గొట్టం వణుకుద్దమ్మా. దానికి చోటుండాలి. ఈ బిళ్ళ కుడి పక్క నుంచి తోస్తా ఉంది, అందుకని ఎడమకు పోతా ఉంది. మనిషిలో తప్పులేదు, తుపాకిలో తప్పులేదు. తీగ కత్తిరిస్తే రెండు నిమిషాల పని."

జేబులోంచి పటకారు కూడా తీశాడు. రేంజర్‌గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. బిళ్ళ తమ శాఖది కాదని, ఎన్నికల నిమిత్తం వేసిన బిళ్ళను ఎన్నికల నిమిత్తమే తీయాలని అన్నారు. అయితే ఏం చేయాలని అడిగాను.

"ఎన్నికలు పెట్టే అధికారం రేంజి స్థాయిలో లేదమ్మా."

అంతటితో ఆగలేదు. నీడకు కూర్చుని, కొబ్బరినీళ్లు తాగి, తీర్మానం రాశారు. నాకు చదువు వచ్చని తెలుసు కాబట్టి నా చేతికే ఇచ్చారు. "బిళ్ళ ప్రభుత్వానిది, తుపాకీ ప్రైవేటుది. ప్రభుత్వ వస్తువు వలన ప్రైవేటు వస్తువుకు దోషము కలుగుటకు నిబంధనలలో అవకాశము లేదు. కావున బిళ్ళ సక్రమముగానే ఉన్నదని, తుపాకీయే బిళ్ళ సమక్షమున సక్రమముగా ప్రవర్తించుట లేదని భావించడమైనది." దోషం తుపాకీదా, దాన్ని ఆనించుకున్న భుజానిదా తేల్చడానికి రెండింటినీ నగరంలోని గురి నిర్ధారణ కేంద్రానికి పంపాలని చివర రాసి ఉంది.

భుజం ఎందుకని అడిగాను.

"మీరే రాశారు కదమ్మా, మా ఆయనను, తుపాకీని అని. అర్జీదారు కోరిక మేరకే."

ఆ కాగితం మడిచి రవిక లోపల పెట్టుకున్నాను. ఇంటికి నడిచేటప్పుడు మాలకొండయ్య ముందు, నేను వెనక.

రెండో సంచి సెప్టెంబరు ఇరవై నాలుగున సర్దాను. రెండు పంచెలు, ఒక దుప్పటి, వేయించిన వేరుశనక్కాయలు, కంచు చెంబు. చెంబు మూత తీసి ఉట్టిలో పెట్టాను. ఆయన చూడనే చూశాడు.

"మూత లేకుండా చెంబేందే. బస్సులో నీళ్లు ఒలికిపోవా?"

"ఒలికితే ఒలకనియ్. మూతకోసమైనా రావాల నువ్వు."

"మూడ్రోజులన్నారు. నాలుగో రోజు పొద్దున్నకి గోంగూర నూరిపెట్టు." బస్సు మెట్టు మీద నిలబడి మళ్లీ అన్నాడు. "ఎండుమిరపకాయ ఎక్కువెయ్యి."

నాలుగో రోజున గోంగూర నూరాను. ఐదో రోజున నేనే తిన్నాను.

తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. నలభై ఐదేళ్ల కాపురంలో ఆయన నాకు రాయించిన మొదటి ఉత్తరం. ఎప్పుడూ విడిగా ఉన్నది లేదు కదా, అవసరం రాలేదు. అక్కడి వాచ్‌మన్ చేత రాయించాడు. కేంద్రం పెద్ద మేడ అట. తుపాకీని అద్దాల గదిలో పెట్టారట, ఈయన్ను వరండాలో పెట్టారట. తుపాకీ, భుజం విడదీయరాని ఒకే యూనిట్ కాబట్టి ఈయన చొక్కాకు కూడా బిళ్ళ కుట్టారు, నలభై మూడు బై ఒకటి. రోజూ పొద్దున భుజం ఎత్తు కొలుస్తారు. అన్నం తిన్నాక ఒకసారి, తినకముందు ఒకసారి. ఒక రీడింగుతో తేల్చడం శాస్త్రీయం కాదట. వానాకాలం రీడింగు, చలికాలం రీడింగు, ఎండాకాలం రీడింగు, మూడూ కావాలట.

ఆ ఉత్తరం పట్టుకుని రేంజ్ ఆఫీసుకు పోయాను. మూడు రోజులు మూడు కాలాలెట్లా అయ్యాయని అడిగాను. పానకాలరావుగారు నొచ్చుకున్నారు, కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. బయటికి పంపినవాటి రిజిస్టరు తిప్పి చూపించారు. అందులో తుపాకీ ఒకటి అని ఉంది, తిరిగి రావలసిన తేదీ ఎదురుగా ఉంది. కింద భుజం ఒకటి, జతపరచిన వస్తువు అని ఉంది. దాని ఎదురుగా తేదీ లేదు. జతపరచిన వాటికి తిరుగు తేదీ వేసే గడి ఫారంలో లేదట. ఆ గడి పెట్టించమని ఆయన పైకి రాశారట, ఆ కాగితం కూడా చూపించారు. నిజంగానే రాశారు.

చేలో అట్టపంది అట్లాగే నిలబడి ఉంది. ప్రకటించిన జంతువు కాబట్టి కాల్చకుండా తీసేయడానికి లేదు, కాల్చడానికి తుపాకీ లేదు. అసలు పందులు మొదట రెండు రోజులు దాన్ని చూసి దూరంగా ఉన్నాయి. తరువాత దానికేసి వీపులు గోక్కోవడం నేర్చుకున్నాయి. నేను డబ్బా వాయిస్తూ, అరుస్తూ చేను చుట్టూ తిరిగాను. కాలేషా రోజు మార్చి రోజు వచ్చి తోడు తిరిగేవాడు. అక్టోబరు చివర కాయ పీకితే ఎకరన్నర పంట దక్కింది. వ్యవసాయ శాఖాయన మళ్లీ వచ్చి, ఎండిపోయిన అవే పది మొక్కలను లెక్కబెట్టుకుని, అట్టపంది వల్ల నష్టం నిలకడగా ఉందని రాసుకుపోయాడు.

రెండో ఉత్తరంలో మాలకొండయ్య హుషారుగానే ఉన్నాడు. ఆయన కన్ను చూడటానికి నగరంలోని పెద్దలు వచ్చారట. సూదిలో దారం ఎక్కించి చూపించాడట. చప్పట్లు కొట్టి, కన్ను తమ కేంద్రం పరిధిలోకి రాదన్నారట. వేరుశనక్కాయలు అయిపోయాయి, పంట ఎంత వచ్చింది, ఎర్రావు ఈనిందా, అని అడిగాడు. జవాబు నేనే నా చేత్తో రాశాను. పంట మూడెకరాలకూ వచ్చిందని రాశాను.

మూడో ఉత్తరం నవంబరు చివర వచ్చింది. వరండాలో చలిగా ఉంది, చలి ఉండాలి కాబట్టే తనను అక్కడ ఉంచారు, రీడింగు సరిగ్గా రావాలి కదా, అన్నాడు. దగ్గు పట్టుకుందట. వాచ్‌మన్ వేణ్ణీళ్లు కాచి ఇస్తున్నాడట. "చెంబుకు మూత లేక తొందరగా చల్లారిపోతా ఉన్నాయి. మూత పంపించు" అని రాయించాడు.

ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. మూత ఉట్టిలోంచి తీసి గుడ్డలో చుట్టి పోస్టాఫీసు దాకా పోయాను. పోస్టు మాస్టారు తూకం కూడా వేశాడు. ఇది కూడా పంపిస్తే ఇక ఇక్కడ ఆయనది జత ఏదీ మిగలదని తోచింది. వెనక్కి తీసుకున్నాను. మూతకు బదులు ఇంకో దుప్పటి పంపించాను. మూతకోసం నువ్వే రావాలని రాశాను.

ఆ తరువాత డిసెంబరులో ఒకసారి నేనూ కాలేషా నగరానికి పోయి వచ్చాం. అది చివర చెబుతాను.

జనవరి తొమ్మిదిన జీపులో తుపాకీ వచ్చింది. పానకాలరావుగారే స్వయంగా తెచ్చారు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. తుపాకీకి బిళ్ళ లేదు. బిళ్ళ వేరే కవరులో ఉంది. కేంద్రం వారి నివేదిక నాలుగు పేజీలు, నా చేతికిచ్చారు, అరుగు మీద కూర్చుని చదివాను. మొదటి మూడు పేజీలు భుజం కొలతలు. నాలుగో పేజీలో విషయం ఉంది.

"ఫోటో నిమిత్తము డిసెంబరు పదిహేనున బిళ్ళను తాత్కాలికముగా తొలగించి కాల్పించగా గురి దోషము కనిపించలేదు. డిసెంబరు పదకొండు తరువాత జతపరచిన భుజము పరీక్షకు అందుబాటులో లేదు. భుజము లేని కాలములోనే దోషము కూడ లేకపోవుటను బట్టి, దోషము భుజానిదేనని శాస్త్రీయముగా నిర్ధారించడమైనది. తుపాకీ నిర్దోషి. ఎండాకాలపు రీడింగు మినహాయించడమైనది."

కాలేషా ఆ పేజీ తీసుకుని తనకు వచ్చిన కాస్త తెలుగులో కూడబలుక్కుంటూ చదివాడు. చదివి మడిచి నాకిచ్చాడు.

ఇంకొక పని మిగిలి ఉందని రేంజర్‌గారు నెమ్మదిగా చెప్పారు. అట్టపంది ఫైలు మూయాలి. కాలేషాకు ప్రత్యేక అనుమతి తెచ్చారు. ఉత్త చేలో, దుబ్బుల మధ్య, రంగు వెలిసిన ఆ పంది నిలబడి ఉంది. కాలేషా దాని గుండె మీద గురిపెట్టి ఒక్క తూటా కాల్చాడు. గుండెలోనే తగిలింది. రేంజర్‌గారు ఫారం తీసి పద్నాలుగు గళ్లూ నింపారు. తొమ్మిదో గడి దగ్గర కలం ఆగలేదు. పంది నియమబద్ధంగా మరణించినది అని రాసి, గుంట తీయించి, కిరసనాయిలు పోయించి, అట్టను పూడ్పించారు. సున్నపు రాయి మీద పాత అక్షరాలు చెరిపి 'విచారణ ముగిసినది' అని రాయించారు.

జీపు ఎక్కబోతూ గుర్తొచ్చి వెనక్కి వచ్చి సంచి ఇచ్చారు. రసీదు మీద సంతకం పెట్టమన్నారు. పంచెలు రెండు, దుప్పట్లు రెండు, బిళ్ళ కుట్టిన చొక్కా ఒకటి, చెంబు ఒకటి. ఒక్కొక్కటీ తీసి చూసి సంతకం పెట్టాను. చెంబు తోమి బోర్లించాను. ఆరాక మూత పెట్టి చూశాను. సరిపోయింది.

డిసెంబరులో మేము చేరేసరికి రెండు రోజులు ఆలస్యమైంది, కేంద్రం వాళ్లే మట్టి చేశారు. వెళ్లింది ఇద్దరం, వచ్చింది ఇద్దరం.

తుపాకీ జనవరి తొమ్మిదిన వచ్చింది. మాలకొండయ్య రాలేదు. డిసెంబరు పదకొండు, గురువారం, పొద్దున ఏడింటికి పోయాడు.